తిరగడం తప్ప మరేమీ చేయకూడని యంత్రం

ఖరీదైన టర్న్‌టేబుల్ గురించి మాట్లాడేటప్పుడు అమ్మేవారూ కొనేవారూ కూడా దానికి సొంత గొంతు ఒకటి ఉన్నట్టే మాట్లాడుతుంటారు. ఫలానా ప్లేయర్ నిండుగా పలుకుతుందని, ఫలానాది పొడిపొడిగా ఉంటుందని, మరొకటి తాళాన్ని బాగా పట్టుకుంటుందని చెప్పుకుంటారు. చాలాకాలంగా రికార్డులు వింటూ, వీలు దొరికినప్పుడల్లా మిత్రుల ఇళ్లలోని మంచి యంత్రాల ముందు కూర్చుంటూ వచ్చిన నాకు ఆ మాటలు పూర్తిగా కల్పన అనిపించలేదు గానీ, వాటిని తిరగేసి అర్థం చేసుకోవాలని మాత్రం అనిపించింది. టర్న్‌టేబుల్ చేయవలసిన పని రికార్డును నిమిషానికి 33⅓ చుట్ల వేగంతో తిప్పడం, తిప్పుతున్నంతసేపూ మిగతావాటన్నింటినీ కదలకుండా ఉంచడం. అంతకు మించి అది ఏం చేసినా సంగీతంలో లేనిదాన్ని చేర్చడమే అవుతుంది. కాబట్టి ఒక ప్లేయర్‌కు గొంతు ఉన్నదంటే అది ఎక్కడో ఒక చిన్న తప్పు చేస్తున్నదని అర్థం. లక్షలు పోసి కొనే యంత్రం ఆ తప్పును ఎంతవరకు తగ్గించింది, ఏ దారిలో తగ్గించింది అన్నదే నాకు ఆసక్తికరమైన విషయం.

చెప్పుకోవడానికి ఇది చిన్న పనే. గాడి లోపలి కొలతలు తెలిసినప్పుడే దాని కష్టం బోధపడుతుంది. ఎల్పీ రికార్డు మీది గాడి సాధారణంగా తల వెంట్రుక కంటే వెడల్పు ఉండదు. దాని గోడల మీద చెక్కిన అలలలో మృదంగం తొప్పి మీది దెబ్బ వంటివి కొంత పెద్దవే అయినా, స్వరం ఆగిన తరువాత హాలులో మిగిలిపోయే అనురణనం వంటి సన్నని శబ్దాలు ఒక మైక్రానులో చిన్న భాగమంత కూడా ఉండవు. ముల్లుకు తెలిసేది తన కింద ఉన్న గాడికీ, తనను పట్టుకుని ఉన్న కార్ట్రిడ్జ్ అనే చిన్న పెట్టెకూ మధ్య జరిగే కదలిక ఒక్కటే. ఆ కదలిక గాయకుడి వల్ల వచ్చిందో, మోటారు వల్ల వచ్చిందో, పక్క గదిలో ఎవరో తలుపు వేసినందువల్ల వచ్చిందో దానికి తేడా లేదు, అన్నింటినీ ఒకే నిజాయితీతో విద్యుత్తుగా మార్చి పంపుతుంది.

ఆ విద్యుత్తు కూడా అతి స్వల్పం. సన్నని తీగచుట్ట కదిలి విద్యుత్తు పుట్టించే మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్‌లలో చాలావాటి నుంచి వచ్చేది 0.2 నుంచి 0.5 మిల్లీవోల్టు మాత్రమే, దానిని ఆంప్లిఫయర్‌కు అందించే ముందు ఫోనో స్టేజ్ అనే పరికరం సుమారు వెయ్యి రెట్లు పెంచవలసి ఉంటుంది. ఇది చాలదన్నట్టు, అమెరికా రికార్డు పరిశ్రమ సంఘం పేరుతో 1954 నుంచి పరిశ్రమ అంతటా స్థిరపడిన ఆర్‌ఐఏఏ పద్ధతి ప్రకారం రికార్డు కోసేటప్పుడు కింది స్వరాలను బాగా తగ్గించి, వినేటప్పుడు అంతకు అంత పెంచుతారు. అలా తగ్గించకపోతే గాడి అటూ ఇటూ ఊగి పక్క గాడిలోకి పోతుంది, ఒక వైపు ఇరవై నిమిషాల సంగీతం పట్టదు. దాని పర్యవసానం ఏమిటంటే, 20 హెర్ట్జ్ ప్రాంతంలో బేరింగు చేసే గరగర, 1000 హెర్ట్జ్ దగ్గరి శబ్దంతో పోల్చినప్పుడు దాదాపు పది రెట్లు అదనంగా పెరిగి స్పీకరును చేరుతుంది. హై ఎండ్, అంటే అత్యంత ఖరీదైన శ్రేణి, తయారీదారులు ఒక ఇరుసును అద్దంలా సానబట్టడానికి పడే శ్రమ చాదస్తంలా కనిపించవచ్చు గానీ, ఈ లెక్క చూసిన తరువాత నాకు అలా అనిపించలేదు.

ముందుగా వేగం సంగతి చూద్దాం. మన ఇళ్లలో దీనికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. అమెరికాలో ఉన్న కొడుకో మేనల్లుడో అక్కడ చవకగా దొరికిందని మోటారు రబ్బరు బెల్టుతో రికార్డు పళ్లేన్ని తిప్పే ఒక మంచి పాత బెల్ట్ డ్రైవ్ ప్లేయర్‌ను సామానులో సర్దుకుని తెస్తాడు. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కొని తగిలిస్తారు, పళ్లెం తిరుగుతుంది, పాట మాత్రం నీరసంగా, మందకొడిగా వస్తుంది. ఆ మోటారు సింక్రనస్ రకానిది అయినప్పుడు దాని వేగాన్ని నిర్ణయించేది వోల్టేజి కాదు, కరెంటు ఫ్రీక్వెన్సీ. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. అంటే 33⅓ చుట్లు తిరగవలసిన పళ్లెం 28 చుట్ల లోపే తిరుగుతుంది. ఐదు శ్రుతిలో పాడిన గాయని దాదాపు మూడు శ్రుతికి దిగిపోతుంది, ఆమె గొంతులోని వయసు కూడా పెరిగిపోతుంది. దీనికి మందు మోటారు కప్పీని 50 హెర్ట్జ్‌కు తగిన పెద్ద కప్పీతో మార్చడం, లేదా గోడ కరెంటుతో సంబంధం లేకుండా తానే స్వచ్ఛమైన తరంగాన్ని తయారు చేసి మోటారుకు అందించే విడి పవర్ సప్లై పెట్టుకోవడం. ఖరీదైన బెల్ట్ డ్రైవ్ ప్లేయర్లలో చాలావరకు ఈ రెండో ఏర్పాటు లోపలే ఉంటుంది. దానివల్ల వేగం సరిగా ఉండటమే గాక మోటారు అదురు కూడా తగ్గుతుంది. కరెంటు పోయినప్పుడు చవక రకం ఇన్వర్టరు మీద పాత ప్లేయర్‌ను నడిపి చూసినవారికి ఆ అదురు ఎంత గొడవ చేయగలదో తెలిసే ఉంటుంది.

సగటు వేగం సరిగా ఉండటం ఒక ఎత్తు, క్షణక్షణానికీ ఒకేలా ఉండటం మరొక ఎత్తు. వేగంలో నెమ్మదిగా వచ్చే ఊపును వావ్ అనీ, త్వరత్వరగా వచ్చే వణుకును ఫ్లటర్ అనీ అంటారు. సెకనుకు నాలుగుసార్ల ప్రాంతంలో వచ్చే ఊగిసలాటను మన చెవి అన్నింటికంటే తేలికగా పసిగడుతుంది. దీనిని పరీక్షించడానికి చాలామంది తమకు ఇష్టమైన ఆలాపనో వీణ కచేరీయో పెడతారు, అది అంత పనికివచ్చే పరీక్ష కాదని నా అభిప్రాయం. గమకం ఉన్నచోట వావ్ హాయిగా దాక్కుంటుంది, కాంభోజిలోని ఊపుకూ పళ్లెంలోని ఊపుకూ మధ్య గీత గీయడం ఎవరివల్లా కాదు. వినవలసింది కచేరీ మొదట్లో గాయకుడు ఇంకా నోరు తెరవక ముందు వినిపించే తంబురాను. నాలుగు తీగెలూ స్థిరంగా మోగుతూ, వాటి నుంచి పుట్టే పై స్వరాలు దారప్పోగుల్లా కదలకుండా నిలబడి ఉంటే వేగం బాగున్నట్టు. ఆ పై స్వరాలు సుడి తిరిగినట్టు వినిపిస్తే లోపం ఉన్నట్టు. పియానో కూడా ఇందుకు పనికివస్తుంది, మీటిన తరువాత స్వరాన్ని వంచే వీలు ఆ వాద్యానికి లేదు గనుక.

అయితే ఇక్కడ హై ఎండ్ ప్రపంచం అంతగా చెప్పుకోని ఒక ఇబ్బంది ఉంది. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200ఎమ్‌కే2 అనే 1979 నాటి మోడల్‌కు కంపెనీ ప్రకటించిన వావ్ ఫ్లటర్ 0.025 శాతం. ఇప్పుడు రికార్డు నడిమి రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు జరిగి ఉందనుకుందాం. పాత రికార్డులలో ఇది అరుదేమీ కాదు. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి, అంటే కేంద్రం నుంచి 60 మిల్లీమీటర్ల దూరంలో, ఆ అర మిల్లీమీటరు వల్ల ముల్లు కింది వేగం ప్రతి చుట్టులోనూ 0.8 శాతం పైకీ కిందికీ ఊగుతుంది. ప్లేయర్ చేసే తప్పుకు ఇది ముప్పై రెట్లకు పైనే. ఊపు నెమ్మదిగా, 1.8 సెకన్లకు ఒకసారి వస్తుంది గనుక చెవి కొంత క్షమిస్తుంది గానీ, తంబురా మాత్రం క్షమించదు. జపాన్‌కు చెందిన నాకామిచి కంపెనీ 1980ల మొదట్లో టీఎక్స్-1000 అనే ప్లేయర్‌లో రికార్డు ఎంత పక్కకు ఉందో తానే కొలిచి, పళ్లెం పై భాగాన్ని జరిపి సరిచేసే ఏర్పాటు పెట్టింది. అసలు జబ్బుకు మందు వేసిన యంత్రం అదేనని నేననుకుంటాను. అటువంటిది కోట్ల రూపాయల పళ్లేలలో కూడా మామూలు విషయం కాకపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

పళ్లేన్ని తిప్పే పద్ధతులు మూడు, వాటి మధ్య తగాదా దశాబ్దాల నాటిది. ఇంగ్లండులోని స్విండన్‌లో 1954 ప్రాంతంలో మొదలైన గారర్డ్ 301లో మోటారు ఇరుసుకూ పళ్లెం లోపలి అంచుకూ మధ్య ఒక రబ్బరు చక్రం ఒరుసుకుంటూ తిరుగుతుంది. పట్టు గట్టిగా ఉంటుంది, క్షణంలో వేగం అందుకుంటుంది, మోటారు అదురు కూడా ఆ చక్రం ద్వారానే పళ్లేనికి ఎక్కుతుంది. 1961లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ ఎక్స్‌ఏ అనే ప్లేయర్ తెచ్చాడు. వంద డాలర్ల లోపు ధరకు దొరికిన ఆ యంత్రంలో మోటారు ఒక పక్కన, పళ్లెమూ ముల్లును మోసే టోనార్మూ కలిసి స్ప్రింగుల మీద వేలాడే చట్రంలో మరొక పక్కన ఉంటాయి, వాటి మధ్య సంబంధం ఒక సన్నని రబ్బరు బెల్టు మాత్రమే. తరువాత వచ్చిన థోరెన్స్ టీడీ 150, దాని వెనుక స్కాట్లండులోని గ్లాస్గో నుంచి ఐవర్ టీఫెన్‌బ్రన్ తెచ్చిన లిన్ సోండెక్ ఎల్‌పీ12, ఆ ఊహ సంతానమే. 1970లో జపాన్‌లో టెక్నిక్స్ మాతృసంస్థ మత్సుషిటా ఇంజనీరు షుయిచి ఒబాతా బృందం టెక్నిక్స్ ఎస్‌పీ-10తో బెల్టునూ చక్రాన్నీ రెండింటినీ తీసేసి, మోటారు ఇరుసు మీదనే పళ్లేన్ని కూర్చోబెట్టింది.

ఆ డైరెక్ట్ డ్రైవ్‌ను ఇంగ్లీషు పత్రికలు చాలాకాలం చిన్నచూపు చూశాయి. మోటారులోని అయస్కాంత ధ్రువాలు మారినప్పుడల్లా పళ్లేనికి చిన్న కుదుపు తగులుతుందని, వేగాన్ని సరిదిద్దే సర్క్యూట్ ఎప్పుడూ వెనకా ముందూ లాగుతూ ఉంటుందని వాటి అభియోగం. అందులో కొంత నిజం ఉంది, మరికొంత అది డీజేల చేతిలో నలిగిన యంత్రమన్న చులకన. 2010లో తయారీ ఆపేసిన ఎస్‌ఎల్-1200ను, జాజ్ పియానో వాయించే మిచికో ఒగావా నాయకత్వంలో టెక్నిక్స్ 2016లో తిరిగి తెచ్చినప్పుడు మోటారులో ఇనుప కోర్‌ను తీసివేసి ఆ కుదుపు మూలాన్నే తొలగించింది. ఆ కొత్త మోడల్ మీద తంబురా విన్నాక, బెల్టే సంగీతానికి తగినదన్న వాదనను నేను వదిలేశాను. పిత్రార్జితంగా ఎవరికైనా బాగున్న గారర్డ్ దక్కితే దాన్ని పారేయమని మాత్రం చెప్పను. దానికి నిమిషానికి 78 చుట్ల వేగం ఉంది, ఆ సంగతి మళ్లీ వస్తుంది.

వేగం కంటే కంపనం సమస్య జటిలమైనది, రూపకర్తల స్వభావాలు బయటపడేదీ ఇక్కడే. కంపనాన్ని ఏం చేయాలన్న ప్రశ్నకు మూడు రకాల జవాబులు వచ్చాయి. లిన్ వంటివారు దానిని స్ప్రింగుల దగ్గర ఆపుతారు. జపాన్ కంపెనీ మైక్రో సెయికి సంప్రదాయంలో పనిచేసిన హిదేయాకి నిషికావా తన టెక్‌డాస్ ఎయిర్ ఫోర్స్ యంత్రాలలో బరువునే ఆయుధంగా చేసుకున్నాడు. పళ్లెం గాలి పొర మీద తేలుతుంది, రికార్డును శూన్య పీడనంతో పళ్లేనికి అతికిస్తారు, ఆ శ్రేణిలో పెద్దదైన ఎయిర్ ఫోర్స్ జీరో బరువు మూడు వందల కిలోలు దాటుతుంది. కుమ్మరి సారె ఒకసారి ఊపందుకుంటే చేతి ఒత్తిడికి తడబడనట్టే, అంత బరువైన పళ్లెం ముల్లు రాపిడికి చలించదు. ఇంగ్లండులోని రేగా కంపెనీ స్థాపకుల్లో ఒకడైన రాయ్ గాండీ ఈ దారికి పూర్తి వ్యతిరేకి. బరువు కంపనాన్ని దాచుకుని ఆలస్యంగా తిరిగి ఇస్తుందని ఆయన నమ్మకం. అందుకే రేగా పై మోడళ్లలో పెట్టె నురగ లాంటి తేలికపాటి పదార్థంతో చేసి, టోనార్మ్‌కూ ఇరుసుకూ మధ్య మాత్రం గట్టి బిగింపు పలక వేస్తారు. వేలితో ఎత్తగలిగేంత తేలికైన యంత్రానికి అంత ధరా అని కొనేవారు అవాక్కవుతారు, ఆ తేలికదనమే దాని ఇంజనీరింగు.

మూడు దారులూ మంచి ఫలితాలే ఇస్తాయి. ఏది ఎవరికి నప్పుతుందన్నది ఇంటి నేల మీద ఆధారపడి ఉంటుందని ఎవరూ గట్టిగా చెప్పరు గనుక నేను చెబుతున్నాను. బ్రిటన్‌లోని పాత ఇళ్లలో నేల అంటే కింద ఖాళీ ఉన్న చెక్క దూలాల మీది పలకలు. మనిషి నడిస్తే నేల ఊగుతుంది, ముల్లు గెంతుతుంది. స్ప్రింగుల ప్లేయర్లు అక్కడ అంత ఆదరణ పొందడానికి ఇదొక కారణం. హైదరాబాదులోనో విజయవాడలోనో అపార్ట్‌మెంటులో నేల కాంక్రీటు శ్లాబు, దాని మీద టైల్స్. నడక వల్ల అది ఊగదు. మనకు వచ్చే కంపనం వేరు రకానిది: బోరు మోటారు, వాషింగ్ మెషీను, లిఫ్టు, పై ఇంట్లో రుబ్బే గ్రైండరు. కాబట్టి ఇక్కడ బరువైన లేదా గట్టి నిర్మాణం గల ప్లేయర్ పెద్ద శ్రమ లేకుండా కుదురుకుంటుంది. డల్లస్‌లోనో న్యూజెర్సీలోనో చెక్క చట్రాల ఇళ్లలో ఉండే మనవాళ్లకు ఈ సలహా వర్తించదు, వారు స్ప్రింగుల ప్లేయర్ చూసుకోవాలి, లేదా గోడకు బిగించే అర పెట్టుకోవాలి.

పళ్లేనికి ఇంత చర్చ జరిగినా, డబ్బుకు తగిన తేడా ఎక్కువగా వినిపించేది టోనార్మ్‌లో, కార్ట్రిడ్జ్‌ను అమర్చే తీరులో. రికార్డు కోసే యంత్రంలో కోత ముల్లు వ్యాసార్ధం వెంట తిన్నగా ప్రయాణిస్తుంది. ఇంట్లో ఆర్మ్ ఒక ఇరుసు చుట్టూ చాపంలా తిరుగుతుంది. ఈ రెండు దారులూ సాధారణ అమరికలో రెండే రెండు చోట్ల కచ్చితంగా కలుస్తాయి. ఎక్కువమంది వాడే కొలతల ప్రకారం అవి కేంద్రం నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గర, 121 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి. మిగతా అంతటా ఒకటి రెండు డిగ్రీల లోపు వంకర తప్పదు. పొడవైన 12 అంగుళాల ఆర్మ్‌లో ఈ వంకర తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. తిన్నగా జరిగే ఆర్మ్‌లో వంకర ఉండదు, ఆర్మ్‌ను జరిపే యంత్రాంగం వచ్చి చేరుతుంది. ఏ లాభమూ ఉచితంగా రాదు.

ఈ అమరికను ఒకసారి దగ్గరగా చూస్తే హై ఎండ్ అన్న మాటకు అర్థం స్పష్టమవుతుంది. గీతలు అచ్చువేసిన అద్దపు పలకను పళ్లెం మీద పెట్టి, టేబుల్ లైటును పక్కనుంచి వాలుగా వేసి, భూతద్దంలోంచి చూస్తూ ముల్లును ఆ చిన్న చుక్క మీద దింపుతాం. కార్ట్రిడ్జ్ పెట్టె అంచు గీతకు సమాంతరంగా ఉంటే చాలదు. పెట్టె కింద పొడుచుకు వచ్చిన కాంటిలీవర్ అనే వెంట్రుకంత కడ్డీ గీత మీద ఒరిగి ఉండాలి, చాలా కార్ట్రిడ్జ్‌లలో ఈ రెండూ సరిగ్గా ఒకే దిశలో ఉండవు. రెండు మర మేకులలో ఒకటి బిగిస్తుంటే మరొకవైపు జరుగుతుంది. రెండు గ్రాముల బరువును పదో వంతు గ్రాము తేడాతో తూచుకోవాలి. మంచి ఆర్మ్‌లో ఇవన్నీ పెట్టినచోట నిలబడతాయి, ఎత్తు మార్చే మర తిప్పితే ఎత్తు ఒక్కటే మారుతుంది. చవక ఆర్మ్‌లో ఒకటి సరిచేస్తే మరొకటి చెడుతుంది, బేరింగులో సూక్ష్మమైన వదులు ఉంటుంది, ఆ వదులు స, శ అక్షరాల దగ్గర ఇసుక రాలినట్టు వినిపిస్తుంది. 1983లో వచ్చిన రేగా ఆర్‌బీ300 ఆర్మ్ గొట్టాన్నీ తలనూ ఒకే పోతగా పోసి, మామూలు ధరలో ఈ వదులును దాదాపు లేకుండా చేసింది. నా దృష్టిలో ఆ దశాబ్దంలో జరిగిన పెద్ద మేలు అది. పై స్థాయిలో ఎస్‌ఎమ్‌ఈ సిరీస్ ఫైవ్ ఆర్మ్‌కు ఉన్న పేరు అందరికీ తెలిసినదే. ఆ ఇంగ్లీషు సంస్థను 2016లో కొన్నది పూణేకు చెందిన అజయ్ షిర్కే ఆధ్వర్యంలోని కేడెన్స్ ఆడియో అన్నది మాత్రం మనవాళ్లలో చాలామందికి తెలియదు. గారర్డ్ పేరు కూడా తరువాత వారి చేతికే వచ్చింది.

ఆర్మ్, కార్ట్రిడ్జ్ ఒకదానికొకటి నప్పడం కూడా ధరతో సంబంధం లేని విషయం. ఆర్మ్ బరువు, ముల్లు సస్పెన్షన్ మెత్తదనం కలిసి ఒక సహజ కంపనాన్ని నిర్ణయిస్తాయి, అది 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉండటం మంచిది. అంతకంటే తగ్గితే రికార్డు వంపులు దానిని రెచ్చగొడతాయి, పెరిగితే సంగీతంలోని కింది స్వరాలతో కలిసిపోతుంది. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే అవసరాల కోసం 1960లలో రూపొంది నేటికీ తయారవుతున్న డెనాన్ డీఎల్-103 గట్టి సస్పెన్షన్ కలది, దానికి బరువైన ఆర్మ్ కావాలి. తేలికైన ఆర్మ్‌కు దానిని తగిలించి, పేరుకు తగ్గట్టు లేదని పెదవి విరిచేవారిని చూశాను.

ముల్లు కొన ఆకారం మన పాత రికార్డులకు ప్రత్యేకంగా ముఖ్యం. కలకత్తా దగ్గరి దమ్ దమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన హెచ్‌ఎంవీ తెలుగు ఎల్పీలు, ఈపీలు ఎక్కువగా బరువైన సిరామిక్ పికప్‌ల కింద ఏళ్ల తరబడి నలిగినవే. ఆ పికప్‌ల ముల్లు కొన గుండ్రంగా ఉండి గాడి గోడను ఒక ఎత్తులోనే అరగదీసింది. షిబాటా వంటి సన్నని, పొడవైన అంచు గల ముల్లు అదే గోడను మరింత ఎత్తు మేర తాకుతుంది గనుక అరగని భాగం నుంచి కొంత సంగీతాన్ని బయటికి తీయగలదు. ఎన్నో చేతులు మారిన ఒక ఈపీలో గొంతు వెనుక వయొలిన్లు విడివిడిగా వినిపించడం ఇలాంటి ముల్లుతోనే సాధ్యమైంది. అరుగుదల మరీ ఎక్కువైతే మాత్రం ఈ ముల్లే గీతలన్నింటినీ చదివి చూపిస్తుంది. ఇక పౌరాణిక నాటక పద్యాల 78 రికార్డులకు ఎల్పీ ముల్లు అసలు వాడకూడదు. వాటి గాడి చాలా వెడల్పు, దానికి సుమారు 75 మైక్రాన్ల కొన గల వేరే ముల్లు కావాలి, 78 వేగమూ కావాలి. లక్షల ఖరీదు చేసే అనేక బెల్ట్ డ్రైవ్ ప్లేయర్లలో ఆ వేగం ఉండదు. ఇంట్లో పెద్దల నాటి పద్యాల రికార్డులు ఉన్నవారు కొనే ముందు ఈ ఒక్క ప్రశ్న అడిగి తీరాలి.

రూపం గురించి నాలుగు మాటలు. జర్మన్ కంపెనీ బ్రౌన్ ఎస్‌కే 4కు 1956లో హాన్స్ గుగెలోట్, డీటర్ రామ్స్ పెట్టిన పారదర్శకమైన మూత నేటికీ ప్లేయర్ల మీద కనిపిస్తూనే ఉంది. నాకు అంతకంటే నచ్చేది జాకబ్ జెన్సెన్ బాంగ్ అండ్ ఒలుఫ్సెన్ కంపెనీ కోసం 1972లో గీసిన బియోగ్రామ్ 4000. రెండు సన్నని చేతులు పక్కపక్కన ఉంటాయి, ఒకటి ముల్లును మోస్తుంది, మరొకటి వెలుతురు సాయంతో పళ్లెం మీద రికార్డు ఉన్నదా లేదా, ఉంటే ఎంత పెద్దది అని చూస్తుంది. రికార్డు లేకపోతే ముల్లు కిందికి దిగదు. అందులో ప్రతి అందానికీ ఒక పని ఉంది. 2023లో లిన్ తన యాభై ఏళ్ల సందర్భంగా, ఆపిల్ మాజీ రూపకర్త జోనీ ఐవ్ సంస్థ చేత ఎల్‌పీ12-50ను చేయించింది. 250 మాత్రమే, ఒక్కొక్కటి 50,000 పౌండ్లు. మీట, మూత కీలు, మూలల నునుపు కంటికి ఇంపుగానే ఉన్నాయి. వాటికోసం ఇచ్చే డబ్బు నగకు ఇచ్చే డబ్బు వంటిదని తెలిసి కొంటే నాకు అభ్యంతరం లేదు.

ఇంత చేసినా ఎల్పీ సీడీని కొలతల్లో దాటలేదు. మంచి ఎల్పీలో మెత్తని శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య అంతరం 70 డెసిబెల్స్ ప్రాంతంలో ఆగుతుంది, సీడీకి అది 96. మంద్ర స్వరాలను రెండు చానళ్లలోనూ ఒకటిగా కలిపి కోయవలసి వస్తుంది. వెలుపలి అంచున సెకనుకు 51 సెంటీమీటర్ల వేగంతో సాగే గాడి లేబుల్ దగ్గర 21 సెంటీమీటర్లకు పడిపోతుంది, ప్రతి వైపూ చివరి పాట కొంత మసకబారడానికి కారణం అదే. అయినా ఒకే ఆల్బమ్ ఎల్పీలో హాయిగా ఉండి సీడీలో చెవులు చిల్లులు పొడిచే సందర్భాలు ఉన్నాయి. దానికి కారణం ప్లేయర్ మహిమ కంటే, 1990ల తరువాత సీడీల కోసం శబ్దాన్ని అణచి పెంచే మాస్టరింగ్ అలవాటే ఎక్కువ. 2022లో అమెరికా సంస్థ మొబైల్ ఫిడెలిటీ, పూర్తిగా అనలాగ్ అని కొనుగోలుదార్లు నమ్ముతూ వచ్చిన రికార్డుల్లో చాలావాటిని డీఎస్‌డీ అనే డిజిటల్ దశ గుండా నడిపించిందని బయటపడింది. అంతకుముందు దాకా ఆ రికార్డులనే అనలాగ్ మాధుర్యానికి ఉదాహరణగా చూపించినవారు చాలామంది ఉన్నారు. మోసపోయామన్న వారి కోపం న్యాయమైనదే. విన్నది బాగుందన్న మాట కూడా అబద్ధమై పోలేదు.

ధర గురించి అడిగేవారికి నేను చెప్పేది ఇది. లక్షా లక్షన్నర దాకా పెట్టే ప్రతి రూపాయికీ బేరింగులో, ఆర్మ్‌లో వినిపించే ఫలితం ఉంటుంది. ఐదారు లక్షల దాకా ఆ ఫలితం నెమ్మదిస్తూ వస్తుంది. ఆ పైన యంత్రాన్ని చూసే ఆనందం, తయారీ మీది గౌరవం, స్తోమత కలిసి నిర్ణయిస్తాయి. రికార్డు శుభ్రపరిచే యంత్రం మీద, మంచి ముల్లు మీద, సరైన ఎర్తింగు మీద పెట్టిన డబ్బు ఎప్పుడూ ముందు వరుసలో ఉంటుంది. ఎర్తు సరిలేని ఇంట్లో ఎంతటి మూవింగ్ కాయిల్ అయినా 50 హెర్ట్జ్ గుయ్యిమనే శబ్దాన్నే వినిపిస్తుంది.

ఆధారం విషయంలో మన ఇళ్లకు ఒక సౌకర్యం ఉంది. గోడలోకి దింపి వేసిన కడప బండ అర నేలతో సంబంధం లేకుండా గోడ బరువు మీద నిలుస్తుంది, అటువంటి బల్లకు విదేశాల్లో మంచి ధర పలుకుతుంది. బండ తట్టితే మోగుతుంది గనుక ప్లేయర్‌ను నేరుగా దాని మీద పెట్టకుండా మధ్యలో మందపాటి ప్లైవుడ్ పలక వేయాలి. తేలికైన రేగా వంటివాటికి ఈ పలక మరీ అవసరం. ఆ తరువాత పళ్లేన్ని ఆపి, ముల్లును కదలని రికార్డు మీద దింపి, వాల్యూమును మామూలుగా వినేంత పెంచి, అరను వేలి కణుపుతో తట్టి చూడాలి. మెత్తని చిన్న చప్పుడు వినిపిస్తే పరవాలేదు, దెబ్బ దెబ్బలా వినిపించి మోగుతూ మిగిలితే పలక మార్చి చూడాలి. అప్పటికీ తగ్గకపోతే వేరే గోడ వెతుక్కోవాలి. మా ఇంట్లో వంటింటి గోడను వదిలి పడకగది వైపు గోడకు మార్చిన తరువాత, మిక్సీ నడిచినప్పుడల్లా మృదంగం వెనుక నుంచి వచ్చే గుర్రుమనే శబ్దం పోయింది. స్పీకర్లను మాత్రం ఆ గోడకు ఆనించకుండా ఎదురు గోడ వైపు ఉంచాను.